నొసట్లో లేని గది

మా అమ్మ చేతులకు మా వీధిలో ఒక పేరుండేది. ఇల్లందులో బొగ్గుబాయి కార్మికుల ఇళ్ళు దాటి అడవి వైపు పోయే బాట మీద ఉండేది మా వీధి. అక్కడ ఎవరింట్లో బిడ్డ పుట్టినా, బొడ్డు ఊడగానే నీళ్ళు పోయడానికి మా అమ్మకే కబురు వచ్చేది. ఇచ్చిందేదో తీసుకునేది. ఒక రవికె గుడ్డ, నాలుగు తమలపాకులు, కడుపు నిండా అన్నం. ఆమె కాళ్ళ మీద పడుకోబెట్టిన బిడ్డ నీళ్ళు అయిపోయేలోపే కళ్ళు మూస్తుందని, మళ్ళీ ఆకలైతే తప్ప లేవదని వీధంతా చెప్పుకునేది.

చిన్నప్పుడు నేను ఆమె వెంట పోయి ఓ మూల కూర్చుని చూసేవాణ్ణి. అమ్మ పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి దోపి, కాళ్ళు చాపేది. బిడ్డను ఆ కాళ్ళ మీద వేసుకుని ఒళ్ళంతా నువ్వుల నూనె పట్టించేది. తల గుండ్రంగా రావాలని రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా ఒత్తేది. నొసలు వెడల్పుగా ఉండాలని బొటనవేళ్ళతో మధ్య నుంచి పక్కలకు దువ్వేది. అన్నీ అయ్యాక ఆఖరికి ముక్కు. నూనె వేళ్ళతో పైనుంచి కిందికి దువ్వుతూ, "కోటేరు ముక్కు రావాలె, కోటేరు ముక్కు రావాలె" అనేది. ఆ మాట అనకుండా ఆమె ఏ బిడ్డకూ నీళ్ళు ముగించగా నేను చూడలేదు.

ఇంతమంది ముక్కులు దిద్దిన మనిషికి మొదటి కాన్పులో పుట్టిన కొడుకును నేను. నా ముక్కు మాత్రం ఏనాడూ సరిగ్గా పనిచేసిన పాపాన పోలేదు.

ఎడమ వైపు ఎప్పుడూ మూసుకునే ఉండేది. కుడి వైపు దానికి బుద్ధి పుట్టినప్పుడు తెరుచుకునేది. వంగితే బుగ్గ ఎముకల్లో సలుపు, లేస్తే కళ్ళ మధ్య బరువు. గొంతు వెనక ఎప్పుడూ ఏదో కారుతూనే ఉండేది. "వీడు సర్దితోనే పుట్టిండు" అని మా నాన్న నవ్వేవాడు. వావిలాకు వేసి కాచిన నీళ్ళతో నేను పట్టిన ఆవిరికి లెక్కలేదు. పసుపు కొమ్ము కాల్చి పొగ పీల్చాను. సూదికి మిరియం గుచ్చి దీపం మీద కాల్చి, ఆ పొగ కూడా పీల్చాను. మిరియం పొగకు కళ్ళ నిండా నీళ్ళొచ్చి ముక్కు కాసేపు తెరుచుకునేది, ఆ తర్వాత మళ్ళీ దాని ఇష్టం దానిదే. దవాఖానాలో ఇచ్చిన గోళీలకు కొన్నాళ్ళు తగ్గి తిరగబెట్టేది. చిన్నప్పుడు బొగ్గు దుమ్మును తిట్టుకున్నాను. బస్సు కండక్టరునయ్యాక రోడ్డు దుమ్మును తిట్టుకున్నాను. మధ్యలో పాపం పెరుగును కూడా వదల్లేదు.

ఈ గొడవలో వాసన ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. నా కంటే ముందు అది కనిపెట్టింది ఎండుచేపలు అమ్మే ఆడవాళ్ళు. రెండు వేల సంవత్సరం దాటిన ఆ తొలి ఏళ్ళలో ఇల్లందు నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం పోయే బస్సు నాది. సంత రోజున వాళ్ళు గంపలతో ఎక్కబోతే మిగతా కండక్టర్లు మొహం చిట్లించి, గంప బస్సు పైకెక్కించమనేవాళ్ళు. నాకు ఆ వాసన తెలిస్తే కదా! కాళ్ళ దగ్గర పెట్టుకోమనేవాణ్ణి. దాంతో నాకు పేరు పడింది. "ముక్కులేని సారు బస్సొచ్చింది, జల్దీ ఎక్కుండ్రి" అని దూరం నుంచే అరుచుకునేవాళ్ళు. ముందు సీట్లో ఎవరో తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏంది సారు గీ వాసన?" అంటే, "ఏ వాసన?" అని నిజాయితీగానే అడిగేవాణ్ణి. ఇప్పపూల కాలంలో పాల్వంచ దాటి అడవిలోకి పోగానే బస్సులో కోయ మాటలు ఒక్కసారిగా జోరందుకునేవి, జనం కిటికీల వైపు మొహాలు తిప్పేవాళ్ళు. అప్పుడు పూలు రాలుతున్నాయని నాకు వాళ్ళ మొహాలు చూసి తెలిసేది.

వాసన లేకపోతే ఏం కొంప మునిగింది, బతుకు సాగిపోతూనే ఉంది కదా అనుకునేవాణ్ణి. నా ముక్కు వల్ల అసలు నష్టపోయింది ఎవరో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మా మేనత్త, అంటే మా నాన్న చెల్లెలు, తల్లాడ వైపు ఉండేది. మా అమ్మతో ఆమెకు పరాచికాలు లేని రోజు లేదు. వదినా మరదళ్ళు కదా, ఒకరినొకరు ఆడిపోసుకోకపోతే వాళ్ళకు అన్నం సహించేది కాదు. నా పెళ్ళికి కొన్నేళ్ళ ముందు, మా వీధిలో ఒకరింట్లో బిడ్డను తొట్టెలలో వేసిన రోజు, అందరూ మా అమ్మ చేతులను మెచ్చుకుంటున్నారు. మేనత్త అందుకుంది. "అవ్, మా వదిన ఊరందరి ముక్కులు సక్కగ చేసింది. కన్నకొడుకు ముక్కు మాత్రం ఒత్తి ఒత్తి ఖరాబు చేసింది. పని నేర్సుకున్నది వాని మీదనేనాయె!" అంది. అందరూ పగలబడి నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నేనైతే చీదుతూ నవ్వాను.

ఆ తర్వాత కబురొస్తే అమ్మ మోకాళ్ళు నొస్తున్నాయనడం మొదలుపెట్టింది. పీట మీద కూర్చుంటే లేవలేకపోతున్నాననేది. వయసు మీద పడుతోందనుకున్నాం. కొన్నాళ్ళకు కబుర్లు రావడమే మానేశాయి.

మా ఆవిడది బోనకల్. తల్లి చిన్నప్పుడే పోయింది. కాబట్టి కాన్పు పుట్టింట్లో కాకుండా మా ఇంట్లోనే అనుకున్నాం. ఏడో నెల నడుస్తుండగా ఒక సాయంత్రం నేను వాకిట్లో దుప్పటి కప్పుకుని వావిలాకు ఆవిరి పడుతున్నాను. అత్తాకోడళ్ళు అరుగు మీద చిక్కుడుకాయలు తుంపుతున్నారు. దుప్పటి కింద ఒక మనిషి ఉన్నాడన్న సంగతి ఇద్దరూ మరిచిపోయినట్టున్నారు.

"బిడ్డకు నీళ్ళు మీరే పోయాలి అత్తమ్మా" అంది మా ఆవిడ.

"నా చేతులొద్దు బిడ్డా. పక్కవాడలో ముసలమ్మను మాట్లాడుకుందాం."

"మోకాళ్ళ నొప్పి అనకండి. నిన్న బల్ల మీదికెక్కి బూజు దులిపారు, నేను చూశాను. నాకా అమ్మ లేదు. మీరుండగా నా బిడ్డను పరాయివాళ్ళ చేతుల్లో ఎందుకు పెట్టాలి?"

అమ్మ చేతిలోని చిక్కుడుకాయ పక్కన పెట్టింది. తర్వాత గొంతు తగ్గించి అంది. "నీ మొగన్ని చూస్తలేవా? వాని ముక్కు గట్లయింది నా చేతులతోనే. మీ మామ చెల్లె నవ్వులాటకు అన్నా నిజమే అన్నది. తెల్వకపాయె, మొదటోడాయె, కోటేరు ముక్కు రావాలెనని గట్టిగ ఒత్తిన. ముప్పై ఏండ్ల సంది వాడు ఊపిరాడక తిప్పలు పడుతుండు. మల్ల వాని బిడ్డకు గూడ చెయ్యమంటవా?"

దుప్పటి కింద నీళ్ళు చల్లారిపోయాయి. నేను బయటికి రాలేదు. ఆవిరి వల్లనే కళ్ళు తడిశాయని చెప్పుకోవచ్చు గానీ అది అబద్ధం. ఒక నవ్వులాట మాటను ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకుని, ఊరంతా మెచ్చుకున్న పనిని వదిలేసుకుంది. నా బిడ్డకు మా అమ్మే నీళ్ళు పోయాలి. అంతవరకు అంతగా పట్టని ఆ కోరిక ఆ దుప్పటి కింద నాకు పట్టుకుంది.

వారం తిరగకుండానే ఖమ్మం పోయి ముక్కు డాక్టరమ్మను కలిశాను. ఆమె సన్న గొట్టం పెట్టి చూసింది, స్కానింగు తీయించింది. తెల్లని లైటు పెట్టె మీద నా ముఖాన్ని ముక్కలుగా కోసి పెట్టినట్టు బొమ్మలు.

"ముఖం ఎముకల్ల గాలి గదులుంటయి. వాటినే సైనస్ అంటం" అందామె. "ప్రతి గదికి ముక్కులకు ఒక సన్న దారి ఉంటది. దారి మూసుకుంటే లోపల ఊరింది బయటికి రాదు, నిల్వ ఉండి చీము పడుతది. నీకు రెండు దిక్కులా దారి ఇరుకే. ముక్కు నడిమి గోడ ఎడమకు వంగింది, అందుకే ఆ పక్క మూసుకున్నది. కుడి పక్కన చూడు, లోపలి మడత గాలి నిండి బుడగ తీరు ఉబ్బింది. ఇగ నొసట్ల చూడు. అందరికీ కుడి ఎడమల రెండు గదులుంటయి. నీకు ఎడమది లేనే లేదు."

"లేదా? యాడికి పోయింది మేడం?"

"పోవుడు కాదు, తయారే కాలేదు. దాంతోని నీకేం నష్టం లేదు. కొందరికి గట్లనే ఉంటది. ఇద్దరి ముఖాలు లోపల గూడ ఒక్కతీరు ఉండవు."

చిన్నప్పుడు ముక్కు ఒత్తితే ఇట్లా అవుతుందా అని అడిగాను. గోడ వంకరకు కొందరిలో ఎప్పుడో తగిలిన దెబ్బ కూడా కారణం కావచ్చునని, చాలామందికి ఏ దెబ్బా లేకుండానే వంకర ఉంటుందని చెప్పింది. లోపలి బుడగను, నొసట్లో గదిని మాత్రం ఏ చేతులూ తాకలేవంది. ఆపరేషను చేస్తే దారులు తెరుచుకుంటాయని, వాసన తిరిగి రావచ్చు గానీ మాట ఇవ్వలేనని అంది. నేను రెండో సంగతి సగమే విన్నాను. మొదటిది చాలు నాకు. ఫిల్ముల కవరు చంకలో పెట్టుకుని, పరీక్ష పాసైన పిల్లాడిలాగా ఇల్లందు బస్సెక్కాను.

ఇంటికి రాగానే అమ్మను కిటికీ దగ్గరికి పిలిచి, ఫిల్ము వెలుతురుకు పట్టి చూపించాను. ముక్కులో బుడగ చూపించాను. తర్వాత గొప్పగా నొసలు చూపించాను. "గిది సూడు. ఈ పక్క నల్లగ ఉంది గదా, గది గాలి గది. ఈ పక్క లేదు. చేతులతోని అయ్యేది కాదంట."

అమ్మ ఫిల్ము మీద వేలు పెట్టింది. ఆ వేలే తెచ్చి నా నొసటి మీద, ఎడమ కనుబొమ్మ పైన పెట్టింది.

"గిక్కడనా?"

"అవ్, గక్కడనే."

అమ్మ అక్కడే కింద కూర్చుండిపోయింది. "అయ్యో కొడుకా. ముక్కొక్కటే అనుకున్న. నొసలు గూడ ఒత్తింది నేనే గద. బొటనవేళ్ళతోని దువ్వుడు గిక్కడి సందే మొదలు పెడుత. లోపలి గదిని గూడ ఒత్తి మూసిన్నా?"

ఒక నేరం కొట్టేయించుకొద్దామని పోయి, ఇంకో నేరం మోసుకొచ్చి ఆమె నెత్తిన పెట్టాను. పైగా ఫిల్ముతో సహా. ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు. మా ఆవిడ నా మీద మండిపడింది. "డాక్టరమ్మ మాట మీ నోటితో చెబితే ఇలాగే ఉంటుంది. అత్తమ్మనే తీసుకెళ్ళండి. ఆమె అడగాల్సింది ఆమే అడుగుతుంది" అంది. ఆమె చెప్పిందే సబబుగా ఉంది.

అమ్మ పెళ్ళిళ్ళకు కట్టే చీర కట్టుకుని వచ్చింది. చీవాట్లు తినడానికి పోతున్నాననే ఆమె ఉద్దేశం. డాక్టరమ్మ గదిలో కుర్చీ అంచు మీద కూర్చుని, అడగకముందే మొత్తం చెప్పేసింది. ముక్కు ఒత్తడం, తల ఒత్తడం, నొసలు దువ్వడం, ఒక్కటీ దాచలేదు.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఎట్ల పోస్తవో ఒకసారి చూపియ్ అమ్మా" అంది.

అమ్మ నా వైపు చూసింది. డాక్టరమ్మ తన దగ్గరున్న తువ్వాలు చుట్ట చుట్టి ఆమెకిచ్చింది. అమ్మ మొదట సిగ్గుపడింది. తర్వాత కుర్చీ దిగి నేల మీద కూర్చుంది, కాళ్ళు చాపింది, తువ్వాలును కాళ్ళ మీద పడుకోబెట్టింది. ఇక ఆ చేతులను ఎవరూ ఆపలేకపోయారు. లేని నూనెను పట్టించాయి, లేని తలను గుండ్రం చేశాయి, లేని మెడ కింద వేళ్ళు పెట్టి ఆనించాయి. అన్నేళ్ళుగా ఆ పని చేయలేదంటే ఎవరూ నమ్మరు. తలుపు సందులోంచి నర్సు, ఆమె వెనక నుంచి ఇద్దరు రోగులు చూస్తున్నారు. నొసటి దగ్గరికి రాగానే అమ్మ బొటనవేళ్ళు ఆగిపోయాయి.

"గిక్కడ్నే" అంది.

"కానియ్, దువ్వు" అంది డాక్టరమ్మ. అమ్మ దువ్వలేదు. అప్పుడామె లేచి వచ్చి అమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుంది. "నీ కొడుక్కు ఎన్నేండ్లప్పటిదాక నీళ్ళు పోసినవమ్మా గిట్ల?"

"ఎన్నేండ్లేంది, ఏడాది నిండేదాక. కాళ్ళొస్తే ఉరుకుతరు గద."

"నొసట్ల గది పుట్టినప్పుడు ఎవ్వరికీ ఉండదు. నీకు లేదు, నాకు లేదు. పిల్లలు ఉరికే ఈడుకొచ్చినంక మెల్లగ మొదలైతది. మీసాలొచ్చేదాక పెరుగుతనే ఉంటది. నువ్వు కాళ్ళ మీద ఏసుకున్ననాడు నీ కొడుకు నొసట్ల ఏ గదీ లేదు. లేని గదిని ఎట్ల మూస్తవ్?"

అమ్మ ఆమె వైపు వంగింది. "అప్పటికి లేనే లేదా?" అంది. లేదంది డాక్టరమ్మ. "మరి ముక్కుల బుడగ?" అని అడిగింది. అది కూడా లోపల దానంతటదే ఉబ్బిందని చెప్పింది. "ఎవరికైనా ముక్కు గట్టిగ ఒత్తకు, మెత్తగ రాయి, చాలు" అని కూడా చెప్పింది. అమ్మ తల ఊపి, తువ్వాలును బిడ్డను తీసినట్టే మెడ కింద చెయ్యి పెట్టి తీసి డాక్టరమ్మకు అందించింది. ఆమె కూడా అట్లాగే అందుకుంది. నర్సు నవ్వింది గానీ వాళ్ళిద్దరూ నవ్వలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని ఒకామెకు అమ్మ ఈ సంగతంతా చెప్పింది. "అప్పటికి ఆ గది లేనే లేదంట" అని ఆమె దిగేదాకా చెప్తూనే ఉంది. ఇంటికొచ్చి మా నాన్నకు చెప్పింది. తల్లాడకు ఫోను కలిపించుకుని మేనత్తకు చెప్పింది. మేనత్త అటువైపు ఏమందో గానీ అమ్మ, "ఇగ నోరు మూస్కో" అని హాయిగా నవ్వింది. కానీ బిడ్డకు నీళ్ళు పోస్తానని మాత్రం ఒక్క మాట అనలేదు. నేనూ మా ఆవిడా మొహాలు చూసుకున్నాం, అడగడానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు.

మా ఆవిడకు ఎనిమిదో నెల నడుస్తుండగా నాకు ఆపరేషను అయింది. బయట చిన్న గాటు కూడా లేదు. కొన్నాళ్ళు ముక్కులోకి ఉప్పునీళ్ళు పోసుకుని కడుక్కోవడం, పక్కులు రాలడం, చీదొద్దని అందరి కాపలా. మొదట గాలి తెలిసింది. రెండు వైపుల నుంచీ చల్లగా లోపలికి పోతుంటే, ఇంతకాలం జనమంతా ఇంత సుఖంగా ఊపిరి తీసుకుంటూ నాకొక్కడికీ చెప్పలేదా అని కోపం కూడా వచ్చింది. వాసన మాత్రం రాలేదు. డ్యూటీలో చేరాక పాల్వంచలో ఒక సంత రోజు గంపలెక్కాయి. టిక్కెట్లు కొడుతూ వాళ్ళ దగ్గరికి పోయాను. ఏదో ఘాటుగా, ఉప్పగా ముక్కును గుద్దింది.

"అబ్బా! ఏంది గీ కంపు?" అన్నాను.

గంపల దగ్గర మాటలాగిపోయాయి. పెద్దామె ఒకతె మిగతావాళ్ళ వైపు తిరిగి, "ఇగ మన పని అయిపోయింది, సారుకు ముక్కొచ్చింది" అంది. బస్సంతా గొల్లుమంది. నేనైతే నిలబడలేక సీటు పట్టుకుని నవ్వాను. జీవితంలో అంత మంచి కంపు ఇంకేదీ లేదనిపించింది. గంపలు పైకెక్కించనని మాటిచ్చాకే వాళ్ళు కుదుటపడ్డారు.

మాకు ఆడపిల్ల పుట్టింది. దవాఖానా నుంచి ఇంటికొచ్చాక కూడా అమ్మ బిడ్డను ఎత్తుకునేది, ఊపేది, తడిగుడ్డతో తుడవడం మాత్రం మా ఆవిడకే వదిలేసేది. పక్కవాడ ముసలమ్మను మాట్లాడాలా వద్దా అని నేను మథనపడుతూనే ఉన్నాను. బొడ్డు ఊడిన మర్నాడు పొద్దున డ్యూటీకి తయారవుతుంటే పెరట్లో కట్టెల పొగ వాసన వచ్చింది. పోయి చూస్తే పొయ్యి మీద కాగు మరుగుతోంది. అమ్మ పీట కడిగి గోడకు ఆనించింది. గిన్నెలో నువ్వుల నూనె గోరువెచ్చగా ఉంది, పక్కన శనగపిండి ఉంది. "పిల్లను తీసుకరా" అంది అంతే.

మా ఆవిడ గడపలో ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. అమ్మ కాళ్ళు చాపి బిడ్డను వేసుకుంది. నూనె పట్టించింది. తలను అరచేతుల్లో పెట్టుకుంది. నొసటి దగ్గర బొటనవేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. నా వైపు చూసి మెత్తగా దువ్వింది. ఆ తర్వాత చెయ్యి ముక్కును దాటి గడ్డం మీదికి, మెడ మీదికి పోయింది. చెంబు అందుకుంది.

"అత్తమ్మా, ముక్కు మరిచిపోయారు" అంది మా ఆవిడ.

"వద్దులే బిడ్డా. దానికి ఎట్లొస్తే గట్లనే మంచిది."

"నా బిడ్డకు కోటేరు ముక్కు కావాలి. మీరు ఆ మాట అనందే నీళ్ళు అయినట్టు కాదు."

అమ్మ చెంబు కింద పెట్టింది. చూపుడు వేలు నూనెలో ముంచింది. పైనుంచి కిందికి, ముట్టీ ముట్టనట్టు దువ్వింది. "కోటేరు ముక్కు రావాలె" అంది. గడపలో ఉన్న మా ఆవిడకు వినబడిందో లేదో. మళ్ళీ మెత్తగా దువ్వి, ఈసారి అందరికీ వినబడేలా, పాతరోజుల్లో లాగే అంది.

వెచ్చటి నూనె, శనగపిండి, పొయ్యి పొగ అన్నీ కలిసిన వాసన నా దాకా వచ్చింది. ఆ వాసన నాకు తెలుసు. చిన్నప్పుడు ఏదో ఇంటి మూల కూర్చున్నప్పటిది, అంతకంటే ముందు నేనే ఆ కాళ్ళ మీద ఉన్నప్పటిది. డ్యూటీకి ఆలస్యమవుతోందని తెలిసీ నేను అక్కడే నిలబడ్డాను. అమ్మ రెండో చెంబు పోసింది, మూడోది పోసింది. నీళ్ళు అయిపోయేలోపే నా బిడ్డ కళ్ళు మూసింది.